అసిల్ పిల్లల్లో రంపపు జుట్టు వస్తోంది. జాతి పోయినట్టేనా?

విభాగం: నాటు కోళ్లు – జాతి పెంపకం

నూజివీడు_అబ్బాయి
అందరికీ నమస్తే. నా దగ్గర ఒక డేగ (ఎర్ర రంగు) పుంజు, నాలుగు పెట్టలు ఉన్నాయి. పుంజు గిద్దలూరు వైపు నుంచి వచ్చింది, పెట్టలు మా మేనమామ గారి ఊరివి. అన్నిటికీ జుట్టు, అంటే తల మీది ఎర్రతోలు, పొట్టిగా, తలకి అంటుకుని, మూడు వరసల్లో ఉంటుంది. అసిల్ అనే పందెం కోళ్ల జాతికి అలాగే ఉండాలని విని తెచ్చుకున్నాను. ఇప్పుడు తోటలో తిరుగుతున్న పిల్లల్లో కొన్నిటికి ఫారం లేయర్ కోళ్లకి ఉన్నట్టు ఒంటిపలక జుట్టు రంపం పళ్లతో లేస్తోంది. తల్లులకి లేదు, తండ్రికి లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? చుట్టూ మెష్ ఉంది, పక్కింటి పుంజు దూరే దారి లేదు.

రెండో సంగతి. నేను పందేనికి పెంచడం లేదు. జాతి లక్షణాలు చెడకుండా నిలబెట్టాలని కోరిక. విదేశాల్లో ప్రతి జాతికీ స్టాండర్డ్ అని ఒక పుస్తకం ఉంటుందట. మన అసిల్‌కి అలాంటిది ఉందా?

రాయలు_ఫార్మ్
పుంజు వయసు, బరువు చెప్పు తమ్ముడూ. ఫోటో పక్క నుంచి తియ్యి, పై నుంచి కాదు.

నూజివీడు_అబ్బాయి
14 నెలలు అన్నా. నిన్న కాటా వేస్తే 3 కిలోల 600 ఉంది. ఫోటో రేపు పెడతా.

దెందులూరు_డేగ
ఫోటో ఎందుకు? రంపపు జుట్టు వచ్చిందంటే క్రాసే. పెరూ దేశపు పందెం కోడి రక్తం తగిలి ఉంటుంది. గోదావరి జిల్లాల్లో ఇప్పుడు పెరూ క్రాసు కలవని పుంజు దొరకడమే కష్టం. ఐదింటినీ కోసుకు తినేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టు.

కర్నూలు_వెట్
కోసుకోవద్దు బాబూ, ఆగు.

పొట్టి జుట్టు జన్యువుది పైచెయ్యి. పిల్లకి తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వస్తాయి. ఆ రెండిట్లో ఒక్కటి పొట్టి జుట్టుదైనా తల మీద పొట్టి జుట్టే కనిపిస్తుంది, రంపపుది లోపల దాగి ఉంటుంది. అలా దాచుకున్న పుంజు, దాచుకున్న పెట్ట కలిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి రెండు వైపుల నుంచీ రంపపుదే అందుతుంది. అందుకని పుంజుదా, పెట్టదా అనే తగవు అక్కర్లేదు. ఆ పిల్లల తల్లీ తండ్రీ ఇద్దరూ మోస్తున్నారు.

అది ఏ తరంలో వచ్చి చేరిందో చెప్పలేం. ఎప్పుడో ఊరి నాటుకోడితో ఒక్కసారి కలిసినా ఇన్నేళ్లూ బయటపడకుండా రావచ్చు. జుట్టు సంగతి ఒక్క జన్యువుది. సాక్స్5 అనే జన్యువులో ఒక ముక్క అనేకసార్లు నకలై ఉండటం వల్ల పొట్టి జుట్టు వస్తుందని 2009లో తేల్చారు. రొమ్ము, ఎముక, ఈక, నిలబడే తీరు వేరే జన్యువులవి. అవి బాగుంటే ఒక్క జుట్టు చూసి మొత్తం రక్తం పోయిందనడం సరికాదు, దెందులూరు గారూ.

దెందులూరు_డేగ
మేడం, మీరు సైన్సు చెప్తున్నారు, నేను కళ్లతో చూసింది చెప్తున్నా. సరే, కోసుకోకపోతే మరి దీన్ని ఏరేసేదెలా? ప్రతి తరంలో నాలుగోవంతు వస్తూనే ఉంటుందిగా.

కర్నూలు_వెట్
మంచి ప్రశ్న. పరీక్ష కట్టాలి. రంపపు జుట్టు పిల్లల్లో ఒక పుంజుపిల్లని, రెండు పెట్టపిల్లల్ని అమ్మకుండా ఉంచుకోండి. మీ పరీక్ష సామాను అవే.

పెట్టల్లో ఏది మోస్తోందో తెలియాలంటే, రంపపు జుట్టు పుంజు ఎదిగాక దాన్ని వాటి మీద వదలండి. పెట్ట మోస్తుంటే పిల్లల్లో సగానికి రంపపు జుట్టు రావాలి. ఒక పెట్టకి ఏడు పిల్లలు పుట్టి ఏడింటికీ పొట్టి జుట్టే వస్తే, అది మోస్తూ ఉండి కూడా అలా జరిగే అవకాశం 128లో ఒకటి. దాన్ని శుభ్రమైనదిగా తీసుకోవచ్చు. ఇప్పుడున్న డేగ పుంజుతోనే తేల్చుకోవాలంటే అంత నమ్మకానికి 16, 17 పిల్లలు కావాలి. అసిల్ పెట్ట ఒక విడతలో పెట్టే గుడ్లే తక్కువ కాబట్టి మొదటి దారే నయం.

కుర్ర పుంజులకైతే తిరగేసి చెయ్యండి, రంపపు జుట్టు పెట్టతో కట్టండి. పొట్టి జుట్టు ఉన్న అన్నదమ్ముల్లో సగటున మూడింట రెండు మోస్తూనే ఉంటాయి, కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకండి.

పుంజు మార్చగానే గుడ్లు ఏరకండి. పెట్ట ఒంట్లో పాత పుంజు వీర్యం రెండు మూడు వారాలు నిలుస్తుంది. మూడు వారాలు పోయాక వచ్చిన గుడ్లే లెక్క. పరీక్షలో పుట్టిన పిల్లల్ని బ్రీడింగులో కలపకూడదు, అవన్నీ ఒక రంపపు జన్యువు మోసేవే. వాటిని మాత్రం నిశ్చింతగా కూర వండుకోండి.

నూజివీడు_అబ్బాయి
మేడం, ఇది స్కూల్లో మెండెల్ బఠాణీల దగ్గర చదివిందేగా! అప్పుడు మార్కుల కోసం బట్టీ పట్టా. థాంక్స్ అండి. మరి స్టాండర్డ్ సంగతి?

డాలస్_కోళ్లు
ఆ సంగతి నేను చెప్తాను. మాది ఒంగోలు, ఉండేది టెక్సాస్. ఇక్కడ అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ పుస్తకం మొదట 1874లో వచ్చింది. అందులో అసిల్‌ని 1981లో చేర్చారు. బరువు: పుంజు అయిదున్నర పౌన్లు, పెట్ట నాలుగు పౌన్లు. అంటే పుంజు రెండున్నర కిలోలు. తమ్ముడి పుంజు ఇక్కడి షోకి తెస్తే బరువు దగ్గరే వెనక్కి పంపుతారు 😀

రాయలు_ఫార్మ్
రెండున్నర కిలోలా? మా దగ్గర ఆ బరువుకి పుంజుపిల్ల అంటారు అన్నా.

కర్నూలు_వెట్
అదే తమాషా. ఇంగ్లాండు, అమెరికా వెళ్లింది ఎక్కువగా రెజా అనే చిన్న రకం. వాళ్లు దాన్ని చూసి రాసుకున్నారు. మన పుస్తకాల్లో అసిల్ పుంజు నాలుగైదు కిలోలు, పెట్ట మూడు నాలుగు కిలోలు అని ఉంటుంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ అసిల్‌ని ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ జాతిగా నమోదు చేసింది. అయితే అది జాతి వర్ణన. ఏ లక్షణానికి ఎన్ని మార్కులు, ఏ లోపం ఉంటే పోటీ నుంచి తీసెయ్యాలి అని చెప్పే షో స్టాండర్డ్ కాదు.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో కూడా అసిల్ ఉంది. పీడీ-4 అనేది అక్కడ అసిల్ నుంచి మెరుగుపరిచిన వరస. వాళ్ల లక్ష్యం పెరటి రైతుకి గుడ్లు, మాంసం. వాటం (ఒంటి తీరు, నిలబడే తీరు) కోసం వెతికేవాళ్లకి అది జవాబు కాదు, దాని పని వేరు.

తణుకు_తాతయ్య
ఆలస్యంగా చూశాను. పుస్తకం లేదని బెంగ పడకు మనవడా. పుంజుని చూడటం కంటే ముందు పట్టుకోవడం నేర్చుకో.

రొమ్ము కింద అరచెయ్యి పెట్టి ఎత్తు. చేతికి బరువుగా, గట్టిగా తగలాలి. చూడటానికి చిన్నగా ఉండి ఎత్తితే బరువనిపించేదే మంచిది. ఈకలతో పెద్దగా కనబడి చేతిలో తేలిపోయేది వద్దు. రొమ్ము ఎముక మీద వేలు జరుపు, వంకర ఉంటే వేలికే తెలుస్తుంది. ఆ వంకర అన్నిసార్లూ రక్తం నుంచే రాదు. పిల్లల్ని లేత వయసులో సన్నటి కర్ర మీద పడుకోనిచ్చినా వస్తుంది. ఎముక గట్టిపడేదాకా నేల మీద ఊకలోనే పడుకోబెట్టు.

ఈక పొట్టిగా, బిరుసుగా, ఒంటికి అతుక్కుని ఉండాలి. కింద నూగు ఉండకూడదు. రొమ్ము మధ్య ఎర్రటి తోలు కనబడాలి. మెడ పొడుగు, పై నుంచి కిందికి ఒకే లావు. భుజాలు వెడల్పు, వీపు తోక వైపు సన్నబడాలి. తోక చిన్నది, కిందికి వాలాలి. పైకి లేచిన తోక నాకు అస్సలు గిట్టదు, ఎంత అందమైన రంగైనా సరే. కన్ను లోపలికి ఉండి తెల్లగా ముత్యం రంగులో ఉండాలి. కుర్ర పుంజుకి కాస్త పసుపు ఉంటుంది, వయసుతో తేరుకుంటుంది. గడ్డం కింద వేలాడే ఎర్రతోలు దాదాపు లేనట్టే ఉండాలి.

ఇక కాళ్లు. రెండిటి మధ్యా ఎడం ఉండాలి, లావుగా ఉండాలి, మోకాళ్లు లోపలికి కొట్టుకోకూడదు. వెనక వేలు వెనక్కి చాచి నేలకి ఆనాలి. అది పక్కకి తిరిగి ముందుకొస్తే బాతుకాలు అంటాం. బాతుకాలు ఉన్న పుంజు ఎంత గొప్ప ఇంటిదైనా పెట్టల మీద వదలొద్దు.

14 నెలలకే తీర్పు చెప్పకు. అసిల్ నిదానంగా ఎదుగుతుంది. రెండో ఏడు నిండాక దాని అసలు వాటం తెలుస్తుంది.

కుక్కుట_కిరణ్
తాతగారూ, రంగు గురించి ఒక్క మాట అనలేదే? డేగ, కాకి, నెమలి, పర్ల, సేతు, కౌజు, మైల, పింగళ... మన శాస్త్రమంతా రంగుల మీదే కదా. పల్నాటి నాగమ్మ పుంజు కూడా శివంగి డేగేగా!

తణుకు_తాతయ్య
ఆ శాస్త్రం ఏ వారం ఏ రంగు గెలుస్తుందో చెప్పేది. ఏ పెట్టకి ఏ పుంజుని కట్టాలో అందులో లేదు. రంగు చివర చూసుకోవచ్చు కిరణ్ బాబూ. రంగు మూడు తరాల్లో సరిదిద్దుకుంటావు, పోయిన ఎముక నీ జీవితంలో తిరిగి రాదు.

డాలస్_కోళ్లు
తాతగారి మాటకి చిన్న చేర్పు. కొన్ని వరసల్లో పుంజు నల్ల రొమ్ముతో ఎర్రగా ఉంటుంది, అదే వరస పెట్ట గోధుమ రంగులో ఉంటుంది. ఒకే రంగు జన్యువు మగదాంట్లో ఒకలా, ఆడదాంట్లో ఒకలా కనిపిస్తుంది. ఇది తెలియక "డేగకి డేగ పెట్టే కావాలి" అని ముదురు ఎరుపు పెట్ట కోసం వెతికి, ఇంట్లో ఉన్న మంచి గోధుమ పెట్టని అమ్ముకునేవాళ్లు ఉన్నారు.

విజయనగరం_శ్రీను
చర్చ బాగుంది. ఒక అనుమానం. మా వైపు అందరూ పుంజు కాస్త బలంగా ఉంటే అసిల్ అనేస్తారు. కానీ మాది డంకి కదా?

కర్నూలు_వెట్
సరిగ్గా పట్టుకున్నారు శ్రీను గారూ. డంకి విడిగా నమోదైన జాతి, మీ ఉత్తరాంధ్రదే. చిత్తూరు, నెల్లూరు వైపు కాళస్తి అని ఇంకొకటి నమోదైంది. మూడూ మనవే, మూడూ వేరు. డంకికి అసిల్ పుంజుని కట్టి "జాతి పెంచాను" అనుకుంటే రెండిట్లో ఏదీ మిగలదు. మీ దగ్గర మంచి డంకి ఉంటే దాన్ని డంకిగానే పెంచండి. అసిల్‌ని పట్టించుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు, డంకికి లేరు.

కుక్కుట_కిరణ్
అయితే చిలకముక్కు? దిండుక్కల్ వైపు ప్రదర్శనల్లో లక్షలు పలుకుతున్నాయి. నూజివీడు తమ్ముడు ఒక చిలకముక్కు పుంజుని తెచ్చి కలిపితే పిల్లలకి రేటు వస్తుంది.

రాయలు_ఫార్మ్
అది వేరే వాటం కిరణ్. పొడుగు తోక, వంగిన ముక్కు కోసం ఎన్నో తరాలు ఏరుకున్న వరస. దాన్ని మామూలు అసిల్‌తో కలిపితే తోక సగం, ముక్కు సగం. ఇష్టమైతే అదొక్కటే విడిగా పెంచు. రేటు చూసి మొదలుపెట్టినవాళ్లు రేటు పడిపోగానే మానేస్తారు, మధ్యలో పాడయ్యేది కోడి.

నిర్వాహకులు
పందెం ఫలితాలు, కత్తులు, డింకీ (కత్తి కట్టని పందెం) గురించి రాసిన రెండు పోస్టులు తీసేశాం. జంతు హింస నిరోధక చట్టం 1960, ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 కింద పందేలు నేరం. ఇక్కడ పెంపకం మాత్రమే. మళ్లీ రాస్తే ఖాతా ఆపేస్తాం.

దెందులూరు_డేగ
తీసినవాటిలో ఒకటి నాదే, సరే. కానీ పందెం ఊసు లేకుండా ఈ జాతి సంగతి మాట్లాడటం కుదరదు నిర్వాహకులు గారూ. సంక్రాంతి ముందు ఊళ్లో బాగున్న పుంజులన్నీ అమ్ముడుపోతాయి. ఎవరూ కొనని పుంజు మిగిలి పెట్టల మీద తిరుగుతుంది, వచ్చే ఏటి పిల్లలు దానివి. ఏటా మంచిది బయటికి, నాసిరకం ఇంట్లోకి. పైగా కత్తికి తేలిక పుంజు, గెంతే పుంజు కావాలి కాబట్టి బరువైన పాత రకాన్ని ఎవరూ అడగట్లేదు. పెరూ క్రాసు అందుకే వచ్చింది. పోషించింది పందెమే, పాడు చేసిందీ పందెమే.

తణుకు_తాతయ్య
ఇది ఒప్పుకుంటాను. మా నాన్నగారు అమ్మే పుంజుని చూపించే ముందు ఉంచుకునే పుంజుని వేరే దొడ్డిలో కట్టేసేవారు. కొనడానికి వచ్చినవాడి కంట పడనిచ్చేవారు కాదు.

మదనపల్లె_మాస్టారు
లెక్కల మాస్టారిని, కోళ్లు కూడా ఉన్నాయి కాబట్టి దూరుతున్నాను. నూజివీడు అబ్బాయికి రంపపు జుట్టు కంటే పెద్ద సమస్య ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఒకే పుంజు!

దగ్గర రక్తం ప్రతి తరంలో ఎంత పెరుగుతుందో చూడటానికి ఒక తేలిక సూత్రం ఉంది. పుంజుల సంఖ్యని 8తో హెచ్చించి 1ని దానితో భాగించాలి. పెట్టలకీ అలాగే చేసి రెండూ కలపాలి. ఒక పుంజు, నాలుగు పెట్టలు: 1/8 + 1/32, అంటే తరానికి 15 శాతం పైన. అన్నాచెల్లెళ్లని కడితే వచ్చేది 25 శాతం, దానితో పోల్చి చూసుకోండి. ఇలా నడిస్తే గుడ్లు పొదగవు, పిల్లలు నీరసిస్తాయి, వాటం బాగుండి మంద ఆగిపోతుంది.

ఇదే లెక్క మూడు పుంజులు, పన్నెండు పెట్టలకి వేస్తే 5 శాతం చిల్లర. ఒక పుంజునే ఉంచుకుని పెట్టల్ని నలభై చేసినా 12 శాతం దిగువకి రాదు. పెట్టలు పెంచితే పని కాదు, పుంజులు పెంచాలి.

నూజివీడు_అబ్బాయి
మాస్టారూ, మూడు అసిల్ పుంజుల్ని ఒక చోట ఉంచడమంటే మాటలా! పిల్లలే రెండు నెలలకి ఒకదాన్నొకటి రక్తం వచ్చేలా పొడుచుకుంటున్నాయి. విడివిడిగా షెడ్లు కట్టే స్తోమత లేదు.

మదనపల్లె_మాస్టారు
ఒక చోట అక్కర్లేదు. మూడు ఇళ్లు చాలు. ఒక్కో ఇంట్లో ఒక పుంజు, మూడు నాలుగు పెట్టలు. పెట్టపిల్లలు పుట్టిన ఇంట్లోనే ఉంటాయి. ఎంచుకున్న పుంజుపిల్ల మాత్రం పక్కింటికి వెళ్తుంది: ఒకటో ఇంటిది రెండుకి, రెండోది మూడుకి, మూడోది ఒకటికి. ఎప్పుడూ అదే దిక్కు. అన్నాచెల్లెళ్లు, తండ్రీకూతుళ్లు కలిసే పరిస్థితే రాదు, బయటి రక్తం అక్కర లేకుండా చాలా తరాలు నడుస్తుంది.

విజయనగరం_శ్రీను
మన్యంలో పెట్టని వాటాకి ఇస్తారు. పెంచినవాళ్లకి పిల్లల్లో సగం, ఇచ్చినవాళ్లకి సగం. ఆ పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది మాస్టారూ. డబ్బు చేతులు మారదు, గొడవా ఉండదు.

తణుకు_తాతయ్య
ఒక ఇల్లు నాది. నా దగ్గర కాకి వరస ఉంది, తోక వాలుతుంది, ఎముక ఉంది. కాస్త పొట్టి మెడ, అది దాచను. నూజివీడు వాడి పుంజు ఫోటోలో మెడ బాగుంది.

రాయలు_ఫార్మ్
మూడోది నాది. కానీ ఒక షరతు. ఏం చూసి ఎంచుకోవాలో ముగ్గురం ముందే రాసుకోవాలి. తాతగారు చెప్పినవి వరసలో పెడదాం: కాళ్లు, రొమ్ము ఎముక, ఈక, తోక, మెడ, జుట్టు, ఆ తర్వాత రంగు. పుంజు రెండో ఏడు నిండాక మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు. డాలస్ అన్న ఏమనుకోకూడదు.

డాలస్_కోళ్లు
ఏమీ అనుకోను. ఇక్కడివాళ్లు తమ కోడిని చూసి రాసుకున్నారు, మీరు మీ కోడిని చూసి రాసుకోండి. అయిదేళ్లకోసారి మార్చుకుంటూ పోకండి, అదొక్కటే.

కర్నూలు_వెట్
కోడి ఇల్లు మారే ముందు ఈ జాగ్రత్తలు. కొక్కెర తెగులు టీకాలు ముందు: మొదటి వారంలో లసోటా చుక్కలు కంట్లో, నాలుగో వారం మళ్లీ లసోటా, ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి ఇంజెక్షన్. కొక్కెర తెగులు ఒక ఇంట్లో వస్తే మూడు ఇళ్లకీ పాకించేది మీ మార్పిడే. వచ్చిన పుంజుని మూడు వారాలు వేరే దొడ్డిలో, వేరే నీళ్ల గిన్నెతో ఉంచండి. రక్త పారుడు వచ్చిన గూట్లో ఊక మొత్తం మార్చకుండా కొత్త పిల్లల్ని దించొద్దు.

ఇంకోటి, బరువైన అసిల్ పెట్ట పొదుగులో గుడ్లు చితక్కొడుతుంది. తేలికపాటి నాటుపెట్ట కింద పెట్టండి. దారిలో కుదుపు తిన్న గుడ్లయితే సన్నటి కొన కిందికి వచ్చేలా ఒక రోజు కదపకుండా ఉంచి అప్పుడు పొదిగించండి. ఏరి వారం దాటిన గుడ్లు వద్దు.

నూజివీడు_అబ్బాయి
నాటుపెట్ట కింద అన్నీ కలిసిపోతే ఏ పిల్ల ఏ తల్లిదో ఎలా తెలుస్తుంది మేడం? పరీక్షకి తల్లి పేరు కావాలి కదా.

తణుకు_తాతయ్య
నాలుగు పెట్టలేగా. ప్రతి పెట్ట గుడ్డుకీ తనదైన ఆకారం, రంగు ఉంటాయి. కోలగా ఒకటి, గుండ్రంగా ఒకటి, ముదురు ఒకటి. వారం రోజులు గంపల కింద విడిగా మూసి చూడు, తర్వాత గుడ్డు చూసే పేరు చెప్తావు. పెన్సిల్‌తో గుర్తు పెట్టు, పెన్ను వద్దు.

కర్నూలు_వెట్
పిల్లలు లేచే ముందు, 18వ రోజున గుర్తుల ప్రకారం గుడ్లని విడదీసి, ఒక్కో తల్లివి ఒక్కో పెట్ట కిందో, చిన్న ఇంక్యుబేటర్లో అడ్డుగోడలు పెట్టో ఉంచండి. పుట్టిన రోజే కాలివేళ్ల మధ్య పొరకి చిల్లు పెట్టాలి. కాలికి రెండు పొరలు, రెండు కాళ్లకి నాలుగు. చిల్లు ఉన్నవీ లేనివీ కలిపి 16 గుర్తులు వస్తాయి. మూడు ఇళ్లకీ సరిపోతాయి.

రాయలు_ఫార్మ్
ఎడమ కాలు బయటి పొర నూజివీడు, లోపలి పొర తణుకు, ఆ రెండూ ఉంటే నేను. కుడి కాలు తల్లికి: చిల్లు లేకపోతే ఒకటో పెట్ట, బయట ఉంటే రెండు, లోపల ఉంటే మూడు, రెండూ ఉంటే నాలుగు. కాగితం మీద గీసి ఫోటో పెడతా, ముగ్గురూ గూటి తలుపుకి అంటించుకోవాలి.

నూజివీడు_అబ్బాయి
చిల్లు పెట్టే పంచ్ మా ఊరి పశువుల మందుల షాపులో లేదన్నారు.

కర్నూలు_వెట్
విజయవాడలో పౌల్ట్రీ సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి. చిల్లు పూర్తిగా తెగాలి, సగం తెగితే వారంలో పూడుకుపోతుంది. పదో రోజున ఒకసారి అన్నీ పట్టుకుని చూసుకోండి.